‘ప్రొవైడ్ అస్ ద లాగ్స్’ తప్పా? విత్ లేకపోతే కొంప మునుగుతుందా?

బెళ్లందూరు_టెస్టర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. మా టీమ్‌లో నిన్న చిన్న రగడ. క్లయింట్‌కి వెళ్లాల్సిన మెయిల్‌లో ‘ప్లీజ్ ప్రొవైడ్ అస్ ద లాగ్స్ బై ఫ్రైడే’ అని రాశాను (లాగ్స్ అంటే సాఫ్ట్‌వేర్ ఎప్పుడేం చేసిందో నమోదయ్యే ఫైళ్లు). మా లీడ్ చూసి ‘అస్’ పక్కన ‘విత్’ చేర్చి, ఇవి స్కూల్లోనే నేర్చుకుని రావాలి అన్నారు, అదీ అందరి ముందు. పక్క టీమ్‌లో అమెరికాలో కొన్నేళ్లు ఉండొచ్చిన ఒకాయన మాత్రం, అక్కడ ఇలా బోలెడు మంది రాస్తారు, వదిలెయ్యండి అన్నాడు.

‘గివ్ అస్ ద లాగ్స్’ ఒప్పయినప్పుడు ‘ప్రొవైడ్ అస్ ద లాగ్స్’ ఎందుకు తప్పు? రెండూ ఇవ్వడమే కదా. విత్ ఎక్కడ, టు ఎక్కడ, ఫర్ ఎక్కడ? లీడ్ గారి మీద గెలవాలని కాదు. సరే, అది కూడా కొంచెం ఉంది.

జయనగర్_టీచరమ్మ

బాబూ, మీ లీడ్ అన్న తీరు బాగాలేదు గానీ దిద్దింది సరిగ్గానే దిద్దారు.

ప్రొవైడ్ పక్కన మనిషి ముందొస్తే వస్తువుకి ముందు విత్ పెట్టాలి: ‘ప్రొవైడ్ అస్ విత్ ద లాగ్స్’. వస్తువు ముందొస్తే మనిషికి ముందు టు గానీ ఫర్ గానీ వస్తుంది: ‘ప్రొవైడ్ ద లాగ్స్ టు అస్’, ‘ప్రొవైడ్ లంచ్ ఫర్ ద చిల్డ్రన్’. గివ్, సెండ్, షో, లెండ్ అనేవి మనిషినీ వస్తువునీ ఏ తోకా లేకుండా పక్కపక్కన పెట్టుకోగలవు. ప్రొవైడ్‌కి ఆ అలవాటు లేదు. అది సప్లై, ఎక్విప్ వెళ్లే దారిలో వెళ్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లే ఎక్కువగా ఇక్కడ తడబడతారు, కారణం కూడా ఉంది. ‘మాకు లాగ్స్ ఇవ్వండి’ అన్నప్పుడు ‘కు’ మనిషికి అంటుకుంటుంది, లాగ్స్‌కి ఏమీ అంటదు. ఇంగ్లీషులో ‘ప్రొవైడ్ అస్’ దగ్గర మనిషికి ఏమీ ఉండదు, వస్తువుకే విత్ తగులుతుంది. మన నోటికి అది తలకిందులు. అందుకే మా క్లాసులో దీన్ని సూత్రంగా చెప్పడం మానేసి, ‘ప్రొవైడ్ మీ విత్’ అని మూడు మాటలూ ఒక్క ఊపిరిలో పలికిస్తాను.

వైట్‌ఫీల్డ్_రిటర్న్డ్

అక్కా, మీరు చెప్పింది బ్రిటిష్ లెక్క. విత్ లేకుండా వాడటం అమెరికన్ రాతల్లో ఉంది. ఇంగ్లండ్‌వాళ్లకి చెవిలో గుచ్చుకునేది అమెరికాలో చాలామందికి గుచ్చుకోదు. ఇంతకీ ఈయన క్లయింట్ ఎక్కడివాడో ఎవరూ అడగలేదు. డాలస్‌లో ఉంటే ఈ గొడవే లేదు.

ఇంకో మాట. బెంగళూరులో రోజూ పుట్టే మెయిళ్లలో సగానికి సగం ‘ప్రొవైడ్ మీ ద స్టేటస్’ అనే ఉంటాయి. రాసేవాడు మనవాడే, చదివేవాడు మనవాడే, అర్థం కాక ఆగిపోయినవాడు ఒక్కడు లేడు. ఎవరికీ అడ్డం పడనిది తప్పెలా అవుతుంది?

కోరమంగళ_కుర్రాడు

అన్నా, ఇంతకీ లాగ్స్ వచ్చాయా?

బెళ్లందూరు_టెస్టర్

మెయిలే వెళ్లలేదు. విత్ దగ్గర ఆగింది.

జయనగర్_టీచరమ్మ

@వైట్‌ఫీల్డ్_రిటర్న్డ్: అమెరికాలో ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా విత్ పెడితే తప్పుపట్టేవాడు లేడు. పెట్టకపోతే పట్టేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు. ఐఈఎల్‌టీఎస్ రాయబోయే పిల్లలకి నేను ఏది చెప్పాలి చెప్పండి?

ఆడిట్_మామయ్య

మీరంతా విత్ దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, అసలు ప్రశ్న ఆ అబ్బాయి రెండో వాక్యంలోనే ఉంది: ‘రెండూ ఇవ్వడమే కదా’. కాదు. అక్కడ తేడా తెలిస్తే మిగతావి వాటంతటవే కుదురుకుంటాయి. విత్ మర్చిపోయిన మెయిల్ వల్ల నష్టపోయినవాణ్ణి నేను చూడలేదు. గివ్‌కీ ప్రొవైడ్‌కీ తేడా తెలియక అగ్రిమెంట్ల మీద సంతకాలు పెట్టి నష్టపోయినవాళ్లని మాత్రం చాలామందిని చూశాను.

ప్రొవైడ్ లాటిన్ నుంచి వచ్చింది. ‘ప్రొ’ అంటే ముందు, ‘విదేరే’ అంటే చూడటం. వీడియో, విజన్ కూడా ఆ విదేరే నుంచే. అంటే మొదట్లో ఇందులో ఇవ్వడమే లేదు. రాబోయే అవసరాన్ని ముందే చూసి ఏర్పాటు చేయడం ఉంది. ఇది డిక్షనరీలో పడుకున్న పాత ముచ్చట అనుకోకండి, మీ జీతం స్లిప్పులోనే ఉంది. ప్రావిడెంట్ ఫండ్‌ని తెలుగులో భవిష్య నిధి అన్నారు, ఎంత చక్కగా కుదిరిందో చూడండి. 1952 నాటి ఆ చట్టం పేరులోనే ప్రావిడెంట్ ఒకసారి, ప్రొవిజన్స్ ఒకసారి వస్తాయి. ఇంజినీరింగ్ అవ్వగానే చేతికొచ్చే ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఏమిటి? అసలు పట్టా వచ్చేదాకా పని నడవడానికి చేసిన ఏర్పాటు. బ్యాంకులు వసూలవుతాయో లేదో తెలియని బాకీల కోసం లాభంలోంచి ముందే పక్కన పెట్టేదాన్ని ప్రొవిజన్ అంటాయి. ఆ డబ్బు ఎవరికీ ఇవ్వలేదు, చూసి పెట్టారంతే. మన వీధి చివర ప్రొవిజన్ స్టోర్ కూడా ఇంటికి ముందుగా తెచ్చిపెట్టుకునే సరుకుల కొట్టే.

గివ్ అంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లాలి. ప్రొవైడ్‌లో చేతులు మారకపోవచ్చు. కావాల్సినప్పుడు అందుబాటులో ఉండేలా చేస్తే చాలు. అందుకే ‘ప్రొవైడ్ యాక్సెస్’ అనడం హాయిగా ఉంటుంది. మన పత్రికల వాళ్లు దీనికి ఎప్పుడూ ‘ఇవ్వడం’ వాడరు, తాగునీటి సౌకర్యం కల్పించాలి, వసతి ఏర్పాటు చేయాలి, నిధులు సమకూర్చాలి అంటారు. ఆ మూడు క్రియల్లో ఏది కుదిరినా అక్కడ ప్రొవైడ్ వెయ్యొచ్చు. ఒట్టి ‘ఇచ్చాడు’ మాత్రమే కుదిరితే గివ్ రాయండి. పెళ్లాం పుట్టినరోజుకి వాచీ ‘ప్రొవైడ్’ చేసిందంటే, డ్యూటీలో చేరేటప్పుడు యూనిఫాంతో పాటు ఇష్యూ చేసినట్టు ఉంటుంది.

లాగ్స్ సంగతంటారా, నన్నడిగితే ‘సెండ్ అస్’. ఉన్న ఫైల్ పంపడానికి ఏర్పాటేమిటి?

మారతహళ్లి_పీజీ_బాధితుడు

మామయ్య గారూ, ఇది మీరు ముందే చెప్పుంటే నాకు రెండు నెలలు చన్నీళ్ల స్నానం తప్పేది.

మా పీజీ గేటు మీద బోర్డు: ఫుడ్ ప్రొవైడెడ్, వైఫై ప్రొవైడెడ్, హాట్ వాటర్ ప్రొవైడెడ్. చేరాక చూస్తే గీజర్ గోడకి బిగించి ఉంది, లైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం వేడెక్కవు. ఓనర్‌ని అడిగితే, ఆయన మనవాడే, చిత్తూరు వైపు, ‘గీజర్ పెట్టించినాను కదా తమ్ముడూ, ఇంకేం ప్రొవైడ్ చేయాల’ అన్నాడు. మీ లెక్కన ఆయన గెలిచాడు! ఏర్పాటు చేశాడు, అందుబాటులో ఉంది.

ఆడిట్_మామయ్య

ఓడిపోయాడు. బోర్డు మీద ‘గీజర్ ప్రొవైడెడ్’ అని లేదు కదా, ‘హాట్ వాటర్’ అని ఉంది. అందుబాటులో ఉండాల్సింది వేడినీళ్లు. పక్కన ఏ వస్తువు పేరుందో దానికే ప్రొవైడ్ కట్టుబడుతుంది. ఆఫర్ లెటర్లో ‘క్యాబ్ విల్ బీ ప్రొవైడెడ్’కీ ‘క్యాబ్ ఫెసిలిటీ విల్ బీ ప్రొవైడెడ్, సబ్జెక్ట్ టు అవైలబిలిటీ’కీ ఉన్న తేడా ఇదే. రెండో వాక్యం రాసినవాడు బాగా ఆలోచించి రాశాడు.

సివిల్‌కోర్టు_గుమ్మం

ఈ చర్చలో రాజ్యాంగం రాకపోతే బాగుండదు.

45వ అధికరణం మొదట్లో ఇలా ఉండేది: రాజ్యం పదేళ్లలోగా, పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరి ఉచిత నిర్బంధ విద్య కోసం ఏర్పాటు చేయడానికి ప్రయత్నించాలి. ఇంగ్లీషులో ‘ఎండెవర్ టు ప్రొవైడ్... ఫర్ ఫ్రీ అండ్ కంపల్సరీ ఎడ్యుకేషన్’. ప్రొవైడ్ పక్కన ఫర్ ఉంది, గమనించండి. పదేళ్లు కాదు, అర్ధ శతాబ్దం గడిచింది. 2002లో 86వ సవరణతో 21ఏ వచ్చి విద్య ప్రాథమిక హక్కు అయింది. అందులో ‘ద స్టేట్ షల్ ప్రొవైడ్ ఫ్రీ అండ్ కంపల్సరీ ఎడ్యుకేషన్ టు ఆల్ చిల్డ్రన్’, వయసు ఆరు నుంచి పద్నాలుగు. ఫర్ పోయింది. ‘ప్రొవైడ్ ఫర్’ అంటే దానికి తగిన ఏర్పాట్లు చూడటం, ‘ప్రొవైడ్’ అంటే నేరుగా అందించడం. హక్కుగా మారిన రోజునే ఆ ఫర్ ఊడిపోవడం నాకు చాలా నచ్చిన సంగతి.

వైట్‌ఫీల్డ్_రిటర్న్డ్

లాయర్ గారూ, అంత బరువు ఫర్ మీద వెయ్యకండి. అదే సవరణలో 45ని కూడా మార్చారు. ఇప్పుడు అక్కడున్నది ‘ఎండెవర్ టు ప్రొవైడ్ ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ ఫర్ ఆల్ చిల్డ్రన్’, ఆరేళ్లు నిండేదాకా. ప్రొవైడ్ పక్కన ఫర్ లేదు, అయినా అది ఇప్పటికీ ఆదేశిక సూత్రమే, హక్కు కాలేదు. బరువంతా ‘ఎండెవర్’లో ఉంది. ప్రయత్నిస్తాను అన్నవాడికీ చేస్తాను అన్నవాడికీ ఉన్న తేడా.

సివిల్‌కోర్టు_గుమ్మం

ఎండెవర్ విషయం ఒప్పుకోవాల్సిందే. అయినా ఫర్‌ని పూర్తిగా వదలను. మన తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ 350ఏ, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకి ‘ప్రొవైడ్ అడిక్వేట్ ఫెసిలిటీస్’ అని ఉంది. మామయ్య గారి హాట్ వాటర్ లెక్కే ఇక్కడ వెయ్యండి. కల్పించాల్సినవి బోధనకి తగిన సౌకర్యాలు. బెంగళూరులో మీ పాప తెలుగులో చదవడం అనేది ఆ వాక్యంలో ఒక మెట్టు అవతల ఉంది.

కోరమంగళ_కుర్రాడు

లాగ్స్ కోసం మొదలై రాజ్యాంగం దాకా వచ్చాం. ‘హీ ప్రొవైడ్స్ హిజ్ ఫ్యామిలీ’ కరెక్టేనా? ఎవరో లింక్డ్‌ఇన్‌లో రాశారు.

జయనగర్_టీచరమ్మ

కాదు నాన్నా. అక్కడ ఫర్ ఉండి తీరాలి: ‘ప్రొవైడ్స్ ఫర్ హిజ్ ఫ్యామిలీ’. ఫర్ లేకపోతే ఇంటిల్లిపాదినీ ఎవరికో సరఫరా చేస్తున్నట్టు అవుతుంది. తెలుగులో ‘కుటుంబాన్ని పోషిస్తున్నాడు’ అని కుటుంబం నేరుగా కర్మ స్థానంలో కూర్చుంటుంది కాబట్టి మనవాళ్లు ఫర్ మింగేస్తారు. దీన్ని అమెరికా కూడా ఒప్పుకోదు, వైట్‌ఫీల్డ్ గారూ.

పనిలో పని, ‘ప్రొవైడెడ్’ని ఇఫ్ అనుకుని వాడేవాళ్లకి కూడా చెబుతాను. ‘లోన్ వస్తుంది, ప్రొవైడెడ్ పేపర్లన్నీ ఉంటే’ అనొచ్చు. ‘మ్యాచ్ ఆగిపోతుంది, ప్రొవైడెడ్ వాన పడితే’ అనకూడదు, ఎవరూ వాన కోరుకోవడం లేదు కదా. మనకి కావాల్సింది జరగడానికి పెట్టే షరతు దగ్గరే అది బాగుంటుంది.

వైట్‌ఫీల్డ్_రిటర్న్డ్

ఫ్యామిలీ దగ్గర మీదే గెలుపు. ‘ప్రొవైడ్ మీ ద స్టేటస్’ మాత్రం నేను రాస్తూనే ఉంటాను.

జయనగర్_టీచరమ్మ

రాయండి. ముందు ‘కైండ్లీ’ పెట్టకండి, అంతే చాలు.

మారతహళ్లి_పీజీ_బాధితుడు

టీచర్ గారూ, లాయర్ గారూ, ఈ ప్రొవైడెడ్ నాకిప్పుడు నిజంగా అవసరం పడింది. ఖాళీ చేద్దామనుకుంటున్నాను. అగ్రిమెంట్‌లో ‘అడ్వాన్స్ షల్ బీ రిఫండెడ్, ప్రొవైడెడ్ వన్ మంత్ నోటీస్ ఈజ్ గివెన్’ అని ఉంది. ఓనర్‌కి నోటితో చెప్పాను, సరే అన్నాడు. ఇప్పుడేమో నోటీసే ఇవ్వలేదంటున్నాడు.

సివిల్‌కోర్టు_గుమ్మం

చట్టాల్లో ‘ప్రొవైడెడ్ దట్’తో మొదలయ్యే భాగాన్ని ప్రొవైజో అంటారు. ముందు ఇచ్చిన దానికి ‘అయితే’ అని హద్దు గీయడమే దాని పని. మీ అగ్రిమెంట్‌లోనూ అదే జరిగింది: అడ్వాన్స్ తిరిగివ్వడం అతని బాధ్యత, నోటీసు మీ షరతు. షరతు తీరిందని చూపించాల్సింది మీరు.

ముందు ఇవాళే వాట్సాప్‌లో తేదీ వేసి ఒక మెసేజ్ పెట్టండి, ఫలానా రోజు నోటితో చెప్పాను, మీరు సరే అన్నారు అని. తర్వాత అగ్రిమెంట్‌లో ఆ క్లాజు మొత్తం ఇక్కడ టైప్ చేయండి, పేర్లు తీసేసి. ‘గివెన్’ తర్వాత ‘ఇన్ రైటింగ్’ అని ఉందా లేదా చూడాలి.

మారతహళ్లి_పీజీ_బాధితుడు

మెసేజ్ పెట్టేశాను సార్, బ్లూ టిక్ కూడా పడింది. అగ్రిమెంట్ కాగితం రూమ్‌లో ఉంది, రాత్రి ఇంటికెళ్లి టైప్ చేస్తాను.