స్టార్‌డ్యూ వ్యాలీ: అన్నిటికన్నా లాభమైన పంట ఏన్షియంట్ ఫ్రూటేనా? నేను ఒప్పుకోను

లెక్కలపిచ్చి:

స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఈ వ్యవసాయం వీడియో గేమ్‌లో ఏ పంటకు లాభం ఎక్కువ అని ఎవరడిగినా ఒకటే జవాబు వస్తోంది: ఏన్షియంట్ ఫ్రూట్ వేయి, వైన్ తీయి, డబ్బు లెక్కపెట్టుకో. ఆట ఇప్పుడే మొదలుపెట్టాను, మొదటి స్ప్రింగ్‌లో (ఆటలో ఒక్కో సీజన్ 28 రోజులు) ఏం వేయాలి అని ఒకతను అడిగితే అతనికీ ఇదే చెప్పారు. అతని చేతిలో ఉన్నది 500 గోల్డ్ (ఆటలో డబ్బు). ఊళ్లో విత్తనాలమ్మే పియెర్ షాపులో ఆ విత్తనం అసలు అమ్మరు. ఇదేం సలహా?

పంటకు లాభం అంటూ విడిగా ఒక అంకె ఉండదు. మీ దగ్గర ఏది తక్కువగా ఉందో, దాని మీద ఎంత తిరిగి వస్తుందో చూడాలి. మొదట్లో తక్కువగా ఉండేది డబ్బు. క్యాలీఫ్లవర్ విత్తనం 80, పన్నెండు రోజులకు 175 వస్తుంది. పార్స్‌నిప్ విత్తనం 20, నాలుగు రోజులకు 35. గడికి (ఒక మొక్క పట్టే చోటుకి) ఎంత అని చూస్తే పన్నెండు రోజుల్లో క్యాలీఫ్లవర్ మీద 95 మిగులుతుంది, పార్స్‌నిప్ మూడుసార్లు వేసినా 45 మించదు. అందుకే అందరూ క్యాలీఫ్లవర్ అంటారు. కానీ 500 గోల్డ్‌కి ఆరు క్యాలీఫ్లవర్లే వస్తాయి. పన్నెండు రోజులయ్యాక చేతిలో ఉండేది 1,070. అదే 500తో 25 పార్స్‌నిప్‌లు వేసి, వచ్చిందంతా మళ్లీ పార్స్‌నిప్‌లకే పెడితే మూడో కోతకు 2,660 అవుతుంది. గడి లెక్కలో ఓడిన పంట డబ్బు లెక్కలో రెండున్నర రెట్లు గెలిచింది.

కాదనేవాళ్లు రండి.

కెగ్‌రాజు:

లెక్క బాగుంది బ్రో. కానీ ఆ తేడా ఎంత? 1,590. ఏన్షియంట్ వైన్ ఒక్క సీసా 1,650. రెండు వారాల పాటు డెబ్బై మొక్కలకు నీళ్లు పోసి నువ్వు సంపాదించిన ఆధిక్యం నాకు ఒక సీసాతో సరిపోతుంది. అందరూ చివరికి వచ్చి చేరేది ఏడాది పొడుగునా పంట పండే గ్రీన్‌హౌస్‌కే కదా, అక్కడి లెక్క చూడు. 120 గడులు. ఏన్షియంట్ ఫ్రూట్ మొదటి కాపుకి 28 రోజులు పడుతుంది, ఆ తర్వాత వారం వారం కాస్తూనే ఉంటుంది, మళ్లీ నాటే పని లేదు. ఫార్మింగ్ నైపుణ్యం 10వ స్థాయిలో ఆర్టిజన్ (వైన్ లాంటి తయారీ సరుకుకు ఎక్కువ ధర తెచ్చేది) తీసుకుంటే సీసా 2,310. వారానికి 2,77,200 గోల్డ్. దీని ముందు పార్స్‌నిప్ గురించి మాట్లాడుకోవడం టైమ్‌పాస్.

బయట పొలంలోనూ అంతే. స్ప్రింగ్ 1న నాటితే సమ్మర్ 1 నుంచి ఫాల్ 22 దాకా గడికి ఎనిమిది పండ్లు. పచ్చిగా అమ్ముకున్నా 4,400. అదే గడిలో స్ట్రాబెర్రీ, స్టార్‌ఫ్రూట్, క్రాన్‌బెర్రీ వరసగా వేసినా ఖర్చులు తీయకముందే 2,850.

పొద్దున్నేకోత:

ఏన్షియంట్ సంగతి పక్కన పెట్టండి. మొదటి పోస్టులోని పార్స్‌నిప్ లెక్కకు ఒక క్యాలెండర్ చిక్కుంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు.

మూడో కోత వచ్చేది 13న. ఆ రోజు ఎగ్ ఫెస్టివల్. పియెర్ షాపు మూసి ఉంటుంది. షిప్పింగ్ పెట్టెలో వేస్తే డబ్బు పడేది మర్నాడు పొద్దున. స్ట్రాబెర్రీ విత్తనాలు దొరికేది ఆ పండగలోనే, ఒక్కొక్కటి 100. అంటే ఆ 2,660 అవసరమైన రోజున చేతిలో ఉండదు. అందుకని నేనైతే మొదటి విడత పార్స్‌నిప్ వేసి, 5న వచ్చిన 875తో బంగాళదుంపలు వేస్తాను. విత్తనం 50, ఆరు రోజులు, ధర 80, పైగా ఒక్కో మొక్కకి అదనపు దుంప దొరికే అవకాశం పాతిక శాతం దాకా ఉంటుంది. పదిహేడు మొక్కలకి సుమారు 1,700. అవి 11న చేతికొస్తాయి, 12న అమ్ముకోవచ్చు. రెండో విడత కూడా పార్స్‌నిప్పే వేస్తే 43 మొక్కలకు నీళ్లు పోసి 1,520 దగ్గర ఆగుతారు.

13 రాత్రి ఇంటికొచ్చి స్ట్రాబెర్రీ నాటితే 21న ఒకటి, 25న ఒకటి, రెండే కోతలు. వందకు 240. విత్తనాలు దాచుకుని వచ్చే స్ప్రింగ్ 1న నాటితే ఐదు కోతలు, 600. దాచుకోమని చాలామంది చెబుతారు. నేను దాచను. సమ్మర్ 1న బ్లూబెర్రీ విత్తనం 80 పెడితే నెల తిరక్కుండా 600 అవుతుంది. ఆ రోజు జేబులో డబ్బు లేకుండా, పెట్టెలో స్ట్రాబెర్రీ విత్తనాలు ఉండి ఏం లాభం?

చేపలపులి:

స్ప్రింగ్‌లో పంటలు మానేసి చేపలు పట్టుకోండి. థ్రెడ్ క్లోజ్ చేయొచ్చు.

లెక్కలపిచ్చి:

చేపలపులి అన్నా, ఇది పంటల థ్రెడ్.

పొద్దున్నేకోత గారూ, మీ ప్లాన్ నా వాదనకే బలం. క్యాలెండర్ మారగానే జవాబు మారింది, 43 మొక్కల నీళ్లు కూడా లెక్కలోకి వచ్చాయి. మొదట్లో ఎనర్జీ 270. నీళ్ల క్యాన్ ఒక్కసారి వాడితే 2 పోతుంది. పార్స్‌నిప్ మూడో విడతలో 76 మొక్కలకి రోజూ 152 ఖర్చు, అంటే గనిలోకి దిగే ఓపిక ఉండదు. స్ప్రింక్లర్లు వచ్చేదాకా నీళ్లు కూడా డబ్బే.

కెగ్‌రాజూ, నీ 2,77,200 వెనక ఏముందో చెప్పు. 120 కెగ్‌లు, అంటే పండ్లను వైన్ చేసే యంత్రాలు. కెగ్‌కి 30 కలప, ఒక రాగి కడ్డీ, ఒక ఇనుప కడ్డీ, ఒక ఓక్ బంక. కలప, కడ్డీలు ఎలాగో వస్తాయి. బంక తీసే ట్యాపర్ పెట్టిన ఓక్ చెట్టు ఇచ్చేది వారానికి ఒక్క బంక. 120 బంకలు పోగు చేసేదాకా ఆ పండ్లు పెట్టెలో కూర్చుంటాయి. ఈలోపు నీకు కొరత గడులు కాదు, కెగ్‌లు. అప్పుడు ఏ పండు కెగ్‌కి ఎక్కువ విలువ కడుతుంది? వైన్ ధర పండు ధరకు మూడు రెట్లు. 550 ఏన్షియంట్ పండు వేస్తే కెగ్ కలిపేది 1,100. 750 స్టార్‌ఫ్రూట్ వేస్తే 1,500. రెండూ కెగ్‌లో ఒక వారం. కెగ్‌లు తక్కువున్నంత కాలం స్టార్‌ఫ్రూటే గెలుస్తుంది.

కెగ్‌రాజు:

స్టార్‌ఫ్రూట్ విత్తనం 400 బ్రో, ప్రతి 13 రోజులకీ మళ్లీ కొనాలి. అదీ ఎడారిలో. అక్కడికెళ్లే బస్సు బాగుచేయించడానికి వాల్ట్ బండిల్స్‌కే (కమ్యూనిటీ సెంటర్‌లో కట్టే డబ్బుకే) 42,500 పోయాలి. 120 కెగ్‌లను వారం వారం నింపాలంటే స్టార్‌ఫ్రూట్ 220 గడులకు పైగా కావాలి, గ్రీన్‌హౌస్ అందులో సగమే. సెల్లార్‌లో వైన్‌ని పాతపరిచే పీపాలకైతే నేనూ స్టార్‌ఫ్రూట్ వైనే పెడతాను, పీపా 56 రోజుల్లో ధర రెట్టింపు చేస్తుంది, అక్కడ చోటు తక్కువ కాబట్టి ఖరీదైన సీసాకే చోటు. మిగతా అంతా ఏన్షియంట్.

నీలిపంట:

ఇద్దరూ కెగ్‌ల దగ్గరే ఆగిపోయారు. కెగ్ తయారీ ఫార్మింగ్ 8కి గానీ రాదండీ. జామ్, ఊరగాయ చేసే ప్రిజర్వ్స్ జార్ 4కే వస్తుంది: 50 కలప, 40 రాళ్లు, 8 బొగ్గు. బంక గొడవ లేదు.

జార్ ఇచ్చే ధర పండు ధరకు రెండు రెట్లు, పైన 50. కెగ్ ఇచ్చేది మూడు రెట్లు. ఈ రెండూ సమానమయ్యేది సరిగ్గా 50 గోల్డ్ పండు దగ్గర, అదే బ్లూబెర్రీ. వైన్ చేసినా 150, జామ్ చేసినా 150. వైన్‌కి వారం, జామ్‌కి రెండు మూడు రోజులు. బ్లూబెర్రీని కెగ్‌లో వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. క్రాన్‌బెర్రీ వైన్ 225, జామ్ 200. ఆ పాతిక కోసం మిగతా రోజులన్నీ కెగ్‌ని ఆక్రమించి పెట్టుకుంటారా? గుమ్మడి కూరగాయ కాబట్టి కెగ్‌లో మూడు రెట్లు రాదు, జ్యూస్ చేస్తే 720, ఊరగాయ పెడితే 690. అదీ అంతే.

దీనికి ఇంకో వైపు ఉంది. పచ్చిగా అమ్మేవాళ్లకి సమ్మర్‌లో పుచ్చకాయ కంటే బ్లూబెర్రీ నయం: గడికి ఖర్చులు పోను 520, పుచ్చకాయకి 340. కానీ జార్‌లు పది పన్నెండే ఉంటే పుచ్చకాయ వేయాలి. జార్ ఒక్కో పుచ్చకాయకి 300 కలుపుతుంది, ఒక్కో బ్లూబెర్రీకి 100 మాత్రమే. అందుకే నేను పొలంలో ఎక్కువ భాగం బ్లూబెర్రీ వేసి అలాగే అమ్మేస్తాను, జార్‌లకు సరిపడా మాత్రం పుచ్చకాయ. జార్‌లో గానీ కెగ్‌లో గానీ స్టార్ క్వాలిటీకి విలువ లేదు కాబట్టి గోల్డ్ స్టార్ కాయలు విడిగా అమ్మి, మామూలువి లోపలికి.

2024లో 1.6 వెర్షన్ వచ్చాక పండ్లు ఎండబెట్టే డీహైడ్రేటర్ ఉంది కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? ఐదు బ్లూబెర్రీలు వేస్తే మర్నాటికి 400. పచ్చిగా ఆ ఐదూ 250. ఒక్క యంత్రం ఒక్క రోజులో 150 కలిపింది. గుట్టలుగా కాసే చవక పండ్లకి దీన్ని మించింది లేదు.

బద్ధకంబాబు:

హాప్స్ పేరే ఎత్తలేదు ఎవరూ. విత్తనం 60. సమ్మర్ 1న నాటితే 12 నుంచి 28 దాకా రోజూ కోత, మొత్తం 17. హాప్ అమ్మితే 25, కెగ్‌లో వేస్తే పేల్ ఏల్ (ఒక రకం బీరు) 300. ఒక్క గడి నుంచి సీజన్‌కి 5,100, ఆర్టిజన్ లేకుండానే. సమ్మర్‌లో నాటి సమ్మర్‌లోనే కోసే పంటల్లో దీన్ని దాటేది చూపించండి.

అయినా నేను వేయను. పందిరి మొక్క, మధ్యలోంచి నడవలేం. రోజూ కోయాలి, కెగ్‌లు ఒకటి రెండు రోజులకోసారి ఖాళీ చేసి నింపాలి. ఆటలో ఒక రోజంటే మనకు సుమారు 14 నిమిషాలు. అందులో సగం కెగ్‌ల చుట్టూ తిరగడానికే పోతే ఇక ఆట ఎప్పుడు ఆడను? ఏన్షియంట్ వారానికి ఒక రోజు పని, మిగతా ఆరు రోజులు గనులు, చేపలు, పెళ్లి సంబంధాలు. లెక్కలపిచ్చి గారి కొరతల జాబితాలో ఆడేవాడి టైమ్ కూడా వేసుకోండి.

లెక్కలపిచ్చి:

వేసుకున్నాను. కానీ అది ఏన్షియంట్‌కి ఓటు అవుతుందే తప్ప, కొత్తవాళ్లకు సలహా అవదు.

కెగ్‌రాజు:

ఓటు ఓటే 😄

మొదటిఏడాది:

అందరికీ నమస్తే. ఏన్షియంట్ గురించి తర్వాత చూసుకుంటాను. నాకు ఈ రోజు ఫాల్ 1. చేతిలో 9,000. స్ప్రింక్లర్లు నాలుగైదు, కెగ్‌లు లేవు. క్రాన్‌బెర్రీయా, గుమ్మడా? అన్నిచోట్లా క్రాన్‌బెర్రీ అనే ఉంది.

నీలిపంట:

నేను క్రాన్‌బెర్రీయే అంటాను. విత్తనం 240, ఐదు కోతలు, కోతకి రెండు, గడికి ఖర్చు పోను 510. గుమ్మడి రెండుసార్లు వేసినా 440. ఒక్కసారి నాటి వదిలేయొచ్చు.

లెక్కలపిచ్చి:

అది గడి లెక్క. అతనికి ఉన్నది 9,000, గడులు కావలసినన్ని. ఆ డబ్బుకి క్రాన్‌బెర్రీ 37 మొక్కలు. నెల మొత్తానికి 27,750 వస్తుంది, విత్తనాలు పోను 18,870. మొదటి కోత డబ్బుతో 8న ఇంకో 23 మొక్కలు వేస్తే ఇంకో నాలుగైదు వేలు కలుస్తుంది, అంతే. ఆ తర్వాత నాటితే పెద్దగా మిగలదు. గుమ్మడి విత్తనం 100, ధర 320. 90 మొక్కలు వేస్తే 14న 28,800. అందులోంచి 9,000 తీసి అదే రోజు మళ్లీ నాటితే 27న ఇంకో 28,800. విత్తనాలు పోను 39,600. మళ్లీ నాటిన క్రాన్‌బెర్రీ కలుపుకున్నా ఒకటిన్నర రెట్లకు పైనే. 14న నాటడం మాత్రం ఆలస్యం కాకూడదు. 15 దాటితే రెండో పంట ఫాల్‌లో చేతికి రాదు.

నీలిపంట:

తొంభై మొక్కలకు రోజూ నీళ్లు ఎవరు పోస్తారండీ? మీరు చెప్పిందే కదా, నీళ్లు కూడా డబ్బే అని.

లెక్కలపిచ్చి:

అదొక్కటే ప్రశ్న. మొదటిఏడాది గారూ, మీ క్యాన్ అప్‌గ్రేడ్ అయ్యిందా?

మొదటిఏడాది:

కాపర్ క్యాన్. మూడు గడులు ఒకేసారి తడుస్తాయి.

లెక్కలపిచ్చి:

అయితే గుమ్మడి. తొంభై వద్దనుకుంటే అరవై వేసి, మిగిలిన డబ్బుతో పన్నెండు క్రాన్‌బెర్రీ వేయండి. అప్పుడు కూడా పూర్తి క్రాన్‌బెర్రీ కంటే బాగా ఎక్కువే వస్తుంది.

చేపలపులి:

ఫాల్‌లో చేపలు కూడా బాగానే పడతాయి, చెప్తున్నా.