వార్ వద్దనేవాళ్లు ఇక్కడ ఏ పార్టీలో ఉంటారు? (డెంటన్ నుంచి కొత్త స్టూడెంట్ ప్రశ్న)

డెంటన్, టెక్సాస్:
అందరికి నమస్తే. ఎమ్మెస్‌కి వచ్చిన, ఇదే ఫస్ట్ సెమిస్టర్. రూమ్మేట్ యూట్యూబ్‌ల పాత న్యూస్ క్లిప్పులు పెడ్తనే ఉంటడు. ఒక చానల్ ట్రంప్‌ని తిడ్తది, ఇంకొకటి డెమోక్రాట్లని తిడ్తది, కానీ 2025ల ఇరాన్ మీద బాంబులేసిన ముచ్చటొస్తే రెండిట్ల రిటైర్డ్ జనరల్సే కూసొని మ్యాప్ చూపిస్తున్నరు. డెమోక్రాట్లంటే శాంతి, రిపబ్లికన్లంటే యుద్ధం అని మన దగ్గర విన్న. ఇక్కడ క్లాస్‌ల ఒక అమెరికన్ దోస్తు, ట్రంప్‌కి ఓటేసినోడే, యుద్ధాలకు నేను పూర్తిగ వ్యతిరేకం అంటడు. దిమాక్ ఖరాబైంది. అసలు వద్దనేటోళ్లు ఏ పార్టీల ఉన్నరు, వాళ్ల మాట ఎక్కడ వినాలె? క్యాంపస్‌ల నిరసనకు పోవచ్చా? ఎవరన్న చెప్పుండ్రి.

ఎడిసన్, న్యూజెర్సీ:
తమ్ముడూ, ముందు ఆ పార్టీ లెక్క పక్కన పెట్టేయ్. వార్ వద్దు అనే మాట ఇక్కడ అద్దెకుండే మనిషి లాంటిది, వైట్‌హౌస్‌లో ఎవరున్నారో చూసుకుని ఇల్లు మారుతుంది. నేను 2001 నుంచి ఇక్కడే ఉన్నా కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, ఓపిక ఉంటే చదువు.

టవర్లు కూలిన మూడో రోజు, సెప్టెంబర్ 14న, ప్రెసిడెంట్‌కి బలప్రయోగానికి అనుమతి ఇస్తూ ఓటు పెట్టారు. హౌస్‌లో (మన లోక్‌సభ లాంటి సభ) 420 మంది ఎస్, ఒక్కరు నో. ఆ ఒక్కరు కాలిఫోర్నియాలో ఓక్లాండ్ ఏరియా నుంచి గెలిచిన డెమోక్రాట్ బార్బరా లీ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు చూశారు ఆవిణ్ణి, చంపుతామని బెదిరింపులు వస్తే పోలీస్ కాపలా పెట్టాల్సొచ్చింది. తర్వాత వచ్చిన ప్రెసిడెంట్లు, రెండు పార్టీల వాళ్లూ, ఆ ఒక్క కాగితం చూపించే ఎన్నెన్నో దేశాల్లో దాడులు చేశారు.

ఇక 2002 అక్టోబర్, ఇరాక్ మీద యుద్ధానికి అనుమతి ఇచ్చే ఓటు. ఇది బాగా గుర్తుపెట్టుకో. హౌస్‌లో డెమోక్రాట్లు 126 మంది నో అన్నారు, 81 మంది ఎస్ అన్నారు. అంటే ఆ సభలో పార్టీలో ఎక్కువమంది వద్దన్నవాళ్లే! మరి టీవీలో ఎందుకు కనపడలేదు అంటే, హౌస్‌లో వాళ్ల లీడర్ గెఫార్ట్ ఎస్, సెనేట్‌లో (పై సభ) లీడర్ డాష్‌ల్ ఎస్, ప్రెసిడెంట్ అవ్వాలని కలలు కంటున్న కెర్రీ, ఎడ్వర్డ్స్, హిల్లరీ క్లింటన్, బైడెన్ అందరూ ఎస్. ఇక్కడ పొలిటికల్ రిపోర్టర్‌కి వార్త అంటే ఈ పక్క లీడరూ ఆ పక్క లీడరూ కొట్టుకోవడం. పెద్దలిద్దరూ ఒకటే మాట అంటే గొడవ లేదు, గొడవ లేకపోతే వార్త లేదు, వెనక బెంచీల 126 మందిని పిలిచే నాథుడు లేడు. అప్పట్లో ఎంఎస్‌ఎన్‌బీసీలో ఫిల్ డోనహ్యూ అని వార్‌ని ప్రశ్నించేవాళ్లని పిలిచే పెద్దాయన ఉండేవాడు, ఆ చానల్‌లో ఎక్కువమంది చూసే షో ఆయనదే, అయినా 2003 ఫిబ్రవరిలో, వార్‌కి మూడు వారాల ముందు, తీసేశారు. యుద్ధ సమయంలో ఈయన మొహం మన చానల్‌కి ఇబ్బంది అన్న అర్థం వచ్చే ఇంటర్నల్ మెమో తర్వాత బయటపడింది.

నువ్వు చూస్తున్న జనరల్స్ సంగతి కూడా చెప్పాలి. టీవీలో స్వతంత్ర విశ్లేషకులుగా కూర్చునే ఆ రిటైర్డ్ ఆఫీసర్లకి ఏం మాట్లాడాలో పెంటగాన్ (ఇక్కడి రక్షణ శాఖ) వాళ్లే బ్రీఫింగులిచ్చి పంపేవాళ్లని, వాళ్లలో చాలామందికి ఆయుధాల కాంట్రాక్ట్ కంపెనీలతో సంబంధాలున్నాయని 2008లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, దానికి పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం ప్రైజ్ కూడా వచ్చింది. అదే పేపర్ ఇరాక్ దగ్గర సామూహిక వినాశక ఆయుధాలున్నాయని ముందు రాసిందంతా రాసేసి, 2004 మేలో మా కథనాలు సరిగ్గా లేవు అని నోట్ వేసుకుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అప్పుడు సరిగ్గా అనుమానపడి రాసింది నైట్ రిడ్డర్ అనే సంస్థ వాషింగ్టన్ రిపోర్టర్లు. వాళ్లు మంత్రుల దగ్గరికి కాకుండా కింద పనిచేసే ఆఫీసర్ల దగ్గరికి వెళ్లి అడిగారు. కానీ వాళ్లకి వాషింగ్టన్‌లో గాని న్యూయార్క్‌లో గాని సొంత పేపర్ లేదు, పెద్దవాళ్లెవరూ చదవలేదు.

ఫ్రిస్కో, టెక్సాస్:
అన్న చెప్పింది బాగుంది కానీ అది సగమే. రైట్ సైడ్‌లో ఈ పాయ చాలా పాతది. ఆ 2002 ఓటులో నో అన్న ఆరుగురు రిపబ్లికన్లలో మన టెక్సాస్ రాన్ పాల్ ఒకడు, 2007లో రిపబ్లికన్ ప్రెసిడెంట్ అభ్యర్థుల డిబేట్‌లో స్టేజీ మీద మిగతావాళ్లంతా మీద పడ్డా మాట మార్చలేదు. 2016లో ట్రంప్ సౌత్ కరొలైనా డిబేట్‌లో, అదీ బుష్ తమ్ముడు పక్కనే ఉండగా, ఇరాక్ వార్ పెద్ద తప్పు అన్నాడు, హాల్లో అరిచారు, అయినా ఆ రాష్ట్రం ఆయనే గెలిచాడు. నీ ఫ్రెండ్ అక్కణ్ణుంచి వచ్చినవాడు తమ్ముడూ. 2025 జూన్‌లో రైట్ సైడ్ పాడ్‌కాస్టర్ టకర్ కార్ల్‌సన్, ఇరాన్ మీద దాడిని సమర్థించే మన సెనేటర్ టెడ్ క్రూజ్‌ని కూర్చోబెట్టి ఇరాన్ జనాభా ఎంత అని అడిగాడు, క్రూజ్‌కి తెలీదు. ఆ వీడియో చూడు, ఏ ఎంఎస్‌ఎన్‌బీసీ యాంకర్ అడగని ప్రశ్న అది.

ఎడిసన్, న్యూజెర్సీ:
వీడియో నేనూ చూశా, భలే అడిగాడు. కానీ వారం పది రోజులకి ఏమైంది? ఇరాన్ మీద మళ్లీ దాడి చేయాలంటే కాంగ్రెస్‌ని (ఇక్కడి పార్లమెంట్) అడగాలి అన్న డెమోక్రాట్ సెనేటర్ టిమ్ కేన్ తీర్మానం సెనేట్‌లో 47–53తో పోయింది, రిపబ్లికన్లలో ఎస్ అన్నది రాన్ పాల్ కొడుకు రాండ్ పాల్ ఒక్కడే. పాడ్‌కాస్ట్‌లో వినపడే వ్యతిరేకత ఓటింగ్ దగ్గరికొచ్చేసరికి ఆవిరి. డెమోక్రాట్లలోనూ ఫెటర్‌మన్ దానికి నో అనే వేశాడు.

బెల్‌వ్యూ, వాషింగ్టన్:
ఎడిసన్ అన్నయ్య డెమోక్రాట్ల మీద జాలి చూపించారు గానీ నేను చూపించను 🙂 సియాటిల్ మెంబర్ ప్రమీలా జయపాల్, మన చెన్నైలో పుట్టినావిడే, 2022 అక్టోబర్‌లో ప్రోగ్రెసివ్ కాకస్ (డెమోక్రాట్లలో లెఫ్ట్ మెంబర్ల గ్రూపు) తరఫున యుక్రెయిన్‌కి సాయం చేస్తూనే రష్యాతో దౌత్యం కూడా ప్రయత్నించండి అని 30 మంది సంతకాలతో బైడెన్‌కి లెటర్ రాసి, సొంత పార్టీ వాళ్లు విరుచుకుపడేసరికి మర్నాడే వెనక్కి తీసుకున్నారు. ఒక్క రోజు నిలబడలేదు. 2011లో ఒబామా లిబియా మీద బాంబులేస్తూ కాంగ్రెస్ అనుమతి లేకుండా యుద్ధం చేయడానికి వార్ పవర్స్ చట్టం పెట్టిన అరవై రోజుల గడువు దాటాక ఇది యుద్ధం కింద రాదు అని వాదిస్తే బుష్ టైమ్‌లో రోడ్డెక్కిన వాళ్లు చాలామంది ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఇరాక్ వద్దన్న మాట మీదే హిల్లరీని ఓడించాడు కదా, అదీ విచిత్రం.

నిరసన సంగతి. తమ్ముడూ నువ్వు ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నావు, సిటిజన్ ఫ్రెండ్స్ ధైర్యం చూసి దూకకు. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో ఒక టర్కీ పీహెచ్‌డీ అమ్మాయి గాజా గురించి క్యాంపస్ పేపర్‌లో వ్యాసం రాసిన వాళ్లలో ఒకరు, వీసా రద్దు చేసి రోడ్డు మీద పట్టుకెళ్లి లూసియానాలో ఆరు వారాలు నిర్బంధంలో ఉంచారు, జడ్జి చెప్తే గాని వదల్లేదు. మాట్లాడే హక్కు నీకూ ఉంది, కోర్టులో నిలబడొచ్చు కూడా, కానీ అప్పటిదాకా సెమిస్టర్ ఆగదు, లోన్ ఈఎంఐ ఆగదు. వెళ్లాలనే ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు. వీసా స్టాంపింగ్‌కి సోషల్ మీడియా పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, అదీ గుర్తుంచుకో. క్యాంపెయిన్లకి డబ్బులు ఇవ్వకు, గ్రీన్ కార్డ్ లేనివాళ్లు ఇవ్వడం చట్టవిరుద్ధం, పది డాలర్లైనా. డ్రైవింగ్ లైసెన్స్‌కి వెళ్లినప్పుడు ఓటర్ రిజిస్ట్రేషన్ కావాలా అని అడుగుతారు, నో అని టిక్ పెట్టి కాగితం మళ్లీ ఒకసారి చదువుకో, పొరపాటున రిజిస్టర్ అయినా మెడకి చుట్టుకుంటుంది.

డెంటన్, టెక్సాస్:
చాల థాంక్స్ అక్కా, అన్నలు. నిరసన ఇప్పట్ల వద్దులే. మరి చదవనీకి ఏది మంచిది? మా ఏరియా మెంబర్ ఎట్ల ఓటేసిండో ఎక్కడ తెలుస్తది?

ఎడిసన్, న్యూజెర్సీ:
లెఫ్ట్‌లో డెమోక్రసీ నౌ అనే న్యూస్ షో, రైట్‌లో అమెరికన్ కన్జర్వేటివ్ అనే పత్రిక, రెండూ వారానికోసారి చూడు, వార్ విషయంలో పక్కపక్క ఇళ్లలా ఉంటాయి. యుద్ధాలు తగ్గించమనే క్విన్సీ ఇన్‌స్టిట్యూట్ అని 2019లో పెట్టారు, లెఫ్ట్ వాళ్లకి డబ్బిచ్చే సోరోస్ డబ్బూ రైట్ వాళ్లకి డబ్బిచ్చే కోక్ డబ్బూ అందులో కలిశాయి, వాళ్లవీ చదువు. చర్చ మొత్తం వినాలంటే కాంగ్రెస్ సమావేశాలు చూపించే సీ-స్పాన్ చానల్, నిద్రొస్తుంది కానీ ఎవరూ మధ్యలో కోసెయ్యరు.

ఓట్లకి హౌస్ వెబ్‌సైట్‌లో నీ జిప్ కోడ్ కొట్టు, మెంబర్ పేరు వస్తుంది, తర్వాత హౌస్ క్లర్క్ సైట్‌లో రోల్ కాల్ ఓట్లు (ఎవరెవరు ఎలా వేశారో పేర్లతో) ఉంటాయి, వార్ పవర్స్ అని వెతుకు. ఎస్, నో మాత్రమే కాకుండా ప్రెజెంట్ (వచ్చి ఎటూ వేయనివాళ్లు), నాట్ ఓటింగ్ అన్న వరసలు కూడా చూడు, కొంతమంది అక్కడ దాక్కుంటారు.