ఈ వారం సమస్య (పద్యం అల్లి పూరించాల్సిన పాదం): "కనులు మూసికొన్న కానబడెను"

ఆటవెలది పద్యంల నాలుగో పాదం ఇచ్చిన, పైన మూడు మీరు రాయాలె. పాలమూరు, నల్లగొండ దిక్కు మీరు స్వయంగా పోయి చూసిన చెట్టో చెరువో వాగో ఉండాలె. 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు (చిన్న అక్షర గుంపులు) రెండు ఇంద్రగణాలు (కొంచెం పెద్దవి), 2, 4కు అయిదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదట్ల యతి (పాదం మొదటి అక్షరంతో కలిసే అక్షరం).

దేవరకొండ సభ్యుడు (పాలమూరు కాడి పిల్లలమర్రి చెట్టు మీద):

మర్రి నీడ చూడ మనసాయె నాకెంతొ
ఊడలెన్నొ దిగెను ఉర్వి మీద
పచ్చపచ్చనాకు పరచిన చాపయై
కనులు మూసికొన్న కానబడెను

నిర్వాహకుడు: గణాలు, యతి బాగానే కుదిరినయి తమ్మీ. "దిగెను ఉర్వి" దగ్గర సంధి తప్పదు, "ఊడలెన్నొ జారి యుర్వి తాకె" అంటే సరిపోతది. కానీ అసలు లోటు అది కాదు, నీడ, ఊడలు, పచ్చదనం అన్నీ కంటితో చూసినవే పెట్టినవు, మరి కన్ను మూసినంక ఏం మిగుల్తది? ఏడు వందల ఏండ్లదంటరు ఆ చెట్టు, 2018ల చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించుకున్నం, దాన్ని నువ్వు ఎప్పుడన్న ముట్టుకున్నవా, అది రాయి.

అచ్చంపేట అక్క (వటవర్లపల్లి కాడి మల్లెలతీర్థం జలపాతం, మెట్లు దిగుతుంటెనే హోరు మొదలైతది):

రాళ్ళ మీద జారి రాలెడు నీళ్ళతో
చెవుల హోరు నిండ చెంప తడిసి
పేరు మల్లె గాని పీల్చిన తడిమట్టి
కనులు మూసికొన్న కానబడెను

నిర్వాహకుడు: అక్కా, మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయిన, పీల్చింది కనబడుడే ఈ సమస్యకు ప్రాణం. ఒక్కటే మాట, రాలేటివి ఆకులు, పూలు, నీళ్ళు దుంకుతయి కదా, యతి కోసం "రాలెడు" తెచ్చినట్టు తెలిసిపోతున్నది. "దుంకు నీళ్ళ నడుమ తుంపర లెగయంగ" అంటే ఎట్లుంటది? దు-తు యతి చెల్లుతది, తర్వాతి పాదంల చెంప తడుసుడుకు కారణం కూడ దొరుకుతది.

అచ్చంపేట అక్క: మా ఇంట్ల అందరం దుంకుడే అంటం, పద్యంల పనికిరాదేమో అని భయపడి తీసేసిన. మార్చుకుంట.

దేవరకొండ సభ్యుడు: అన్నా, మళ్ళ రాసిన. చిన్నప్పుడు మా తాత తోలుకపోయిండు, వైశాఖంల, కాళ్ళు కాలుతుంటే ఒక్కసారి చల్లగైంది, అదే గుర్తున్నది, చెట్టు ఎంత పెద్దదో అస్సలు యాదికి లేదు.

తాత వేలు పట్టి తడబడు నడకలో
ఊడ గరుకు చేతి నొరసిపోయె
మండుటెండలోన మర్రిచ్చు నీడయే
కనులు మూసికొన్న కానబడెను

నిర్వాహకుడు: ముందు పద్యంల గూడ నీడ ఉన్నది, ఇప్పుడు అది ఒంటికి తగిలింది. దీన్ని ముట్టను తమ్మీ, ఇట్లనే ఉంచు.