బాత్రూంలో అరచేయంత సాలీడు: చంపాలా, వదిలేయాలా?

గోదారిగట్టు:
రాజమండ్రిలో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్. వెనక అరటిచెట్లు, పక్కనే మురుక్కాలవ. ఇంట్లో మూడు రకాల సాలీళ్ళున్నాయి. హాల్లోనూ స్టోర్ రూంలోనూ పైమూలల్లో దారప్పోగుల్లాంటి కాళ్ళతో తలకిందులుగా వేలాడేవి బోలెడు. కిటికీ దగ్గర గోరంత కూడా లేనిది ఒకటి, నడవదు, గెంతుతుంది. మూడోది అసలు సమస్య: రాత్రి పది దాటాక గీజర్ వెనకనుంచి వస్తుంది, గోధుమరంగు, కాళ్ళతో కలిపి అరచేయంత. గూడు కట్టదు. లైటు వేస్తే మాయం.

అమ్మేమో "ఒంటిమీద పాకితే పొక్కులొస్తాయి" అంటోంది. మా ఆవిడ రాత్రిపూట ఆ బాత్రూంలోకి వెళ్ళడం మానేసింది. ఆవిణ్ణి చూసి నాలుగేళ్ళ పాప కూడా కేకలు. నాన్న ఒక్కరే "దాని మానాన దాన్ని వదిలెయ్యండర్రా" అంటున్నారు.

వీటికి విషం ఉందా? పొక్కుల మాట నిజమేనా? దులిపిన వారానికే మళ్ళీ గూళ్ళెందుకు? మందు కొట్టిస్తే పోతాయా?

ఎనిమిదికాళ్ళు:
మీరు చెప్పిన గుర్తులు చాలండీ, ఫోటో అక్కర్లేదు.

మూలల్లో వేలాడేవి ఫోల్సిడ్ కుటుంబానివి. గూటిని పుల్లతో తాకి చూడండి, ఒళ్ళంతా గిరగిరా ఊపేస్తుంది, మనిషి కంటికి ఆనకుండా. అది బెదిరింపు కాదు, తప్పించుకునే ఎత్తు. ఆడది గుడ్లను చిన్న మూటగా కట్టి నోట కరుచుకుని తిరుగుతుంది. అలాంటిది కనిపిస్తే ఇంకొన్ని వారాల్లో ఆ మూలలో డజన్లకొద్దీ పిల్లలుంటాయని లెక్క. దోమల్ని తింటుంది, తోటి సాలీళ్ళనీ తింటుంది. మనిషికి దాని వల్ల ప్రమాదం లేదు.

గెంతేది ఈగపులి. పాతవాళ్ళు పెట్టిన పేరే, ఎంత సరిగ్గా పెట్టారో చూడండి. వలతో పట్టదు, పిల్లి ఎలకను పట్టినట్టు పొంచి దూకుతుంది. దూకేముందు వెనకాల ఒక దారం అంటించుకుంటుంది, గురి తప్పినా కింద పడదు. ముందువైపు రెండు పెద్ద కళ్ళుంటాయి, మీరు పక్కకి జరిగితే అదీ మీవైపు తిరుగుతుంది. భయం ఉన్నవాళ్ళు కూడా దీన్ని చూసి కాస్త మెత్తబడతారు.

గీజర్ వెనకది హంట్స్‌మన్, శాస్త్రీయనామం హెటెరోపోడా వెనటోరియా. ఒళ్ళు అంగుళం లోపే, కాళ్ళ చాపు 10 సెంటీమీటర్లు దాటొచ్చు. కళ్ళ కింద అడ్డంగా తెల్లని మీసం లాంటి గీత ఉంటే సందేహమే లేదు. కాళ్ళ చివర కుచ్చులుంటాయి కాబట్టి టైల్స్ మీదా అద్దం మీదా జారదు. ముఖ్యమైన తిండి బొద్దింకలు. అరటిగెలల్లో దాక్కునే అలవాటుంది, మీ పెరట్లో అరటిచెట్లూ పక్కన కాలవ బొద్దింకలూ ఉన్నప్పుడు అది రాకపోతేనే వింత. చేత్తో నొక్కి పట్టుకుంటే కరుస్తుంది. నొప్పి, కాస్త వాపు, అంతవరకే. కడుపు కింద రూపాయి బిళ్ళలా తెల్లని పలకసంచి మోస్తోంటే అది గుడ్ల సంచి, వందల పిల్లలుంటాయి. దాన్ని మాత్రం ఇంట్లో వదలకండి, బయటికి పంపండి.

విషం అన్న మాటకి ఒక సవరణ. దాదాపు అన్ని సాలీళ్ళకూ విషం ఉంటుంది, పురుగుని చంపడానికి. అది మనకి తగులుతుందా, తగిలితే ఏమవుతుంది అన్నదే ప్రశ్న. మీ మూడింటి విషయంలో జవాబు: భయపడక్కర్లేదు.

చర్మంసంగతి:
పొక్కుల గురించి. "సాలీడు పాకింది" అని మన ఇళ్ళలో చెప్పుకునేవాటిలో ఎక్కువ భాగం సాలీడు పని కాదు. సాలీడు పాకితే పొక్కులు రావు.

మొదటి అనుమానితుడు రోవ్ బీటిల్ అనే రకానికి చెందిన ఒక చిన్న పురుగు, పేడెరస్. సన్నగా పొడుగ్గా చీమలా ఉంటుంది, నారింజ, నలుపు పట్టీలు. వరిచేల దగ్గర పెరుగుతుంది, వానాకాలంలో లైటుకి వస్తుంది. కుట్టదు, కరవదు. మెడమీద వాలినప్పుడు నిద్రలో నలిపేస్తామే, అప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ చర్మానికి అంటుతుంది. మంట వెంటనే రాదు, ఒక రోజు అటూ ఇటూ అయ్యాక గీత గీసినట్టు ఎర్రగా లేచి పొక్కుతుంది. మోచేతి మడత లాంటిచోట అయితే ఎదురుబొదురుగా రెండు మచ్చలు. పొద్దున లేచి చూస్తే పురుగు ఉండదు, మూలన సాలీడు ఉంటుంది. నేరం దాని మీద పడుతుంది. వాలిన పురుగుని నలపకండి, ఊదేయండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్ళు తాకొద్దు.

రెండోది సర్పి, అంటే హెర్పిస్ జోస్టర్. ఒంటికి ఒకే పక్క, పట్టీలాగా, గుత్తులుగా పొక్కులు, వాటికి రెండు మూడు రోజుల ముందునుంచే మంట, పోటు. ఇది చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ మళ్ళీ లేవడం. దీనికి పసర్లు రాస్తూ కూర్చోవద్దు. మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, కంటి చుట్టూ లేస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అమ్మగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. పెద్ద వయసులోనే ఇది ఎక్కువ.

బూజుకర్ర:
ఎనిమిదికాళ్ళు గారు సాలీళ్ళ తరఫు వకీలు కాబట్టి ఇంటి తరఫున నేను మాట్లాడతాను. "దోమల్ని తింటాయి, వదిలెయ్యండి" అనడం సగం నిజమే. పాత గూడు ఊరికే ఉండదు. దుమ్ము పట్టి బూజవుతుంది, వంటింట్లో అయితే పోపు జిడ్డు పట్టి గోడకి అతుక్కుంటుంది. గోడల మీద బూడిదరంగు గుమ్మడిగింజ లాంటి చిన్న తిత్తులు పాకుతుంటాయి చూశారా, లోపల ఒక చిమ్మట పురుగుంటుంది. దాని తిండి పాత సాలెగూళ్ళు, రాలిన వెంట్రుకలు, ఉన్నిబట్టలు. బూజు వదిలితే వాటిని పెంచినట్టే.

వారానికే మళ్ళీ ఎందుకొస్తాయంటే మీరు దులిపింది గూడునే, సాలీడుని కాదు. కర్ర తగలగానే అది పక్కకి పరిగెత్తి ఫ్యాన్ కప్పులోనో కర్టెన్ రాడ్ వెనకో దాక్కుంటుంది. రెండు రోజుల్లో కొత్తిల్లు. కాబట్టి ముందు టార్చి పట్టుకుని పక్కనుంచి వెలుతురు కొట్టండి, ఏ గూట్లో మనిషి, అదే, సాలీడు ఉందో తెలుస్తుంది. బూజుకర్రని గూటికి ఆనించి మెల్లగా తిప్పండి, జంతిక పిండిని పుల్లకి చుట్టినట్టు. సాలీడు కూడా చుట్టలోనే వస్తుంది. బయట చెట్టుకి దులపండి. అటూ ఇటూ ఊడిస్తే గూడు తెగి గోడకి పూసుకుంటుంది, డిస్టెంపర్ గోడ మీద ఆ నల్లచార ఇక పోదు. తడిబట్ట పొరపాటున కూడా వద్దు, ముందు పొడిగానే తీయాలి. ఫ్యాన్ ఆపండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, లోపలి గదినుంచి గుమ్మం వైపు రండి.

ఒక్కసారి సరిపోదు. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి పదిహేను రోజులకి రెండోసారి, తర్వాత నెలకోసారి. భోగికి ముందు ఒకసారి, దసరాకి ఒకసారి దులిపే ఇళ్ళలో ఎప్పుడూ బూజు ఉండేది ఇందుకే.

గూటి కింద నేలమీద తెల్లవి, నల్లవి చుక్కలు ఉంటే అవి రెట్టలు. తడిబట్టతో పోతాయి. చుక్కలు ఏ మూల కింద ఎక్కువున్నాయో పురుగులు అటే వస్తున్నాయన్నమాట, ఆ పక్కన ఉన్న లైటో కిటికీయో చూడండి.

గోదారిగట్టు:
గుమ్మం లైటు రాత్రంతా వెలుగుతుంది, తెల్లది. చుక్కలు సరిగ్గా దాని లోపలి మూలలోనే. మరి మందు సంగతి? పెస్ట్ కంట్రోల్ వాళ్ళు బొద్దింకలతో పాటు సాలీళ్ళూ పోతాయంటున్నారు.

బూజుకర్ర:
సగం కరెక్టే. బొద్దింకలు పోతే తిండి లేక పెద్దది పోతుంది. గోడకి కొట్టిన మందు సాలీడుని నేరుగా చంపడం తక్కువ. బొద్దింక మందు మీద ఒళ్ళు రాసుకుంటూ నడుస్తుంది, తర్వాత మీసాలు, కాళ్ళు నాకి శుభ్రం చేసుకుంటుంది, మందు లోపలికి పోతుంది. సాలీడు కాళ్ళ మీద లేచి, కొనలు మాత్రమే ఆనించి నడుస్తుంది, అంతగా నాకదు. మూలల్లోదైతే గోడ మీద కాలే పెట్టదు, దారం మీదే ఉంటుంది.

బొద్దింకలకి స్ప్రే కన్నా జెల్ వాడించండి: సింకు కింద, గ్యాస్ బండ వెనక, ఫ్రిజ్ మోటారు పక్కన, మెంతిగింజంత చుక్కలు. జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టొద్దు, వాసనకి బొద్దింకలు జెల్ ముట్టవు. ఇంట్లో చేపల తొట్టి ఉంటే స్ప్రే రోజున గాలి మోటారు ఆపి పూర్తిగా మూయాలి, ఈ మందులు చేపలకి ప్రాణాంతకం. పిల్లులకి కూడా.

గుమ్మంలో తెల్ల లైటు తీసేసి పసుపు ఎల్ఈడీ పెట్టండి, పురుగులు బాగా తగ్గుతాయి. బాత్రూం ఎగ్జాస్ట్ కంతకి జాలీ, తలుపు కింద రబ్బరు పట్టీ. హంట్స్‌మన్ పల్చగా ఉంటుంది, మన వేలు దూరని సందులో కూడా దూరుతుంది.

హంట్స్‌మన్ మీద దోమల స్ప్రే మాత్రం కొట్టకండి. వెంటనే చావదు. పిచ్చెత్తినట్టు పరిగెత్తి మీదే పడుతుంది. జీవితాంతం భయం పట్టుకోవడానికి అంతకన్నా మంచి మార్గం లేదు.

మెట్లలెక్క:
మీ ఆవిడగారి విషయం ఎవరూ ముట్టుకోలేదు. "ఏం కాదు, అది ఏం చెయ్యదు" అని చెప్తే ఈ భయం పోదు. ఏం చెయ్యదని వాళ్ళకీ తెలుసు. ముందు తేల్చుకోవాల్సింది అది భయమా, చీదరా అన్నది. గుండె దడ, పరిగెత్తాలనిపించడం: భయం. ఒళ్ళు జలదరించడం, సాలీడు పాకిన తువ్వాలు ఉతికినా వాడకపోవడం: చీదర. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. చీదర నెమ్మదిగా తగ్గుతుంది, అక్కడ ఓపిక ఎక్కువ కావాలి.

పద్ధతి మెట్లెక్కడం. కాగితం మీద ఎనిమిదో పదో మెట్లు రాసి ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు ఆవిడే వేయాలి. సాలీడు బొమ్మ గీయడం, ఫోటో, వీడియో, మూతపెట్టిన సీసాలో ఈగపులి గదికి ఆ చివర, అదే సీసా బల్ల మీద, అదే చేతిలో, చివరికి హంట్స్‌మన్ ఉన్న డబ్బా. 30 మార్కుల మెట్టుతో మొదలుపెట్టండి. ఆ మెట్టు మీద భయం సగానికి దిగేదాకా ఉండాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: భయం పైకి ఎక్కినప్పుడు వదిలేసి వెళ్ళిపోతారు, "పారిపోయాను కాబట్టి బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. రెండో తప్పు, ఇంట్లోవాళ్ళు సరదాకి మీద వేయడం. నెలల పని ఒక్క క్షణంలో పోతుంది.

రోజువారీ పనులకే అడ్డం వస్తోంటే క్లినికల్ సైకాలజిస్టుని కలవండి. స్వీడన్‌లో లార్స్ గోరాన్ ఓస్ట్ 1989లో ప్రచురించిన పద్ధతిలో ఈ మెట్లన్నీ ఒకే విడతలో, గరిష్ఠంగా 3 గంటల్లో ఎక్కిస్తారు. ఇలాంటి భయాలకి దొరికే చికిత్సల్లో బాగా పనిచేసేవాటిలో ఇదొకటి.

పాపది వేరే కథ. ఆ వయసు పిల్లలు సాలీడుని చూడరు, అమ్మ మొహం చూస్తారు. పాప ఎదురుగా సాలీడు కనిపిస్తే ఆవిడ ఏమీ అనకుండా పక్కకి వెళ్తే చాలు, మిగతాది తాతగారు చూసుకుంటారు. శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటే సాలీడే అని ఆయన కథ మొదలుపెడితే సగం పని అయినట్టే.

ప్లేనోపక్క:
డాలస్‌నుంచి ఒక హెచ్చరిక. పైన చెప్పినవన్నీ మన ఊళ్ళ ఇళ్ళకి. టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్, మిస్సోరీ వైపున్నవాళ్ళు ఇదే ధీమాతో ఉండొద్దు. బ్రౌన్ రెక్లూజ్‌కి వీపు మీద ఫిడేలు గుర్తు, కళ్ళు ఎనిమిది కాదు, ఆరు, జంటలుగా. అట్టపెట్టెలు, వాడని బూట్లు, మడత బట్టలు దాని చోటు. కరిచినప్పుడు తెలియకపోవచ్చు, తర్వాత కొందరికి పుండు పడుతుంది. బ్లాక్ విడో గరాజ్‌లో, నేలకి దగ్గరగా చిందరవందర గూట్లో ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతూ కడుపు కింద ఎర్రని డమరుకం గుర్తు. కరిస్తే కండరాలు, కడుపు పట్టేస్తాయి. బూట్లు దులిపి తొడగండి, అట్టపెట్టెలు తీసి ప్లాస్టిక్ డబ్బాలు పెట్టండి, గోడ వెంబడి జిగురు అట్టలు పరవండి. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. వాట్సాప్‌లో తిరిగే భయంకరమైన పుండు ఫోటోలు ఈ రెక్లూజ్ పేరు మీదివే, రాజమండ్రిలో వాటితో పనిలేదు.

ఎనిమిదికాళ్ళు:
వాట్సాప్ అంటే ఇంకొకటి. నీలంగా మెరిసే పెద్ద సాలీడు ఫోటో "ఆంధ్రాలో ప్రమాదకర సాలీడు, ఇళ్ళలో జాగ్రత్త" అని వస్తుంది. అది నిజంగా మనదే, గుత్తి టరాంటులా. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికినదాన్ని చూసి పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త 1899లో వర్ణించాడు. అసలు నివాసం నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. బహుశా కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరింది. చెట్టు తొర్రల్లో ఉంటుంది, ఇళ్ళలోకి రాదు. కరిస్తే నొప్పి, కండరాల పట్టు గట్టిగానే ఉంటాయి కానీ మనవల్ల దానికున్న ప్రమాదమే ఎక్కువ, అంతరించిపోయే అంచున ఉంది.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. చివరి ప్రశ్న: గీజర్ వెనకదాన్ని ప్రాణాలతో బయటికి ఎలా పంపాలి?

ఎనిమిదికాళ్ళు:
మూతి కనీసం 15 సెంటీమీటర్లున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, ఒక మందపాటి శుభలేఖ. పగలు గీజర్ వెనక కెలక్కండి, అందదు. రాత్రి అది గోడ మీదకి వచ్చాక, పెద్ద లైటు వేయకుండా, ఫోన్ టార్చి పక్కకి పెట్టి వెళ్ళండి. గాలి తగిలినా పరిగెడుతుంది కాబట్టి డబ్బాని విసురుగా వేయొద్దు, నెమ్మదిగా ఆనించాలి. నాలుగు వేళ్ళ దూరం వచ్చాక మాత్రం ఆగొద్దు. శుభలేఖని కిందనుంచి తోస్తూ డబ్బా అంచు కాగితం మందమే ఎత్తండి, కాలు అడ్డమొస్తే ఆగండి, అదే తీసుకుంటుంది. నొక్కితే కాలు తెగి ఊడుతుంది. చీపురు, కర్ర వద్దు, కర్ర వెంబడి మీ చేతి దాకా వచ్చేస్తుంది.

అరటిచెట్ల దగ్గర వదలకండి, రేపు రాత్రికి తిరిగొస్తుంది. కాలవ అవతల పొదలో వదిలి, వచ్చేలోపు తలుపు కింద పట్టీ వేయించండి.