పేగులో వాపు: లాభం మనకా, సాల్మొనెల్లాకా?

పెట్రిప్లేటు:
పక్క చర్చలో ఒకరు "తెల్లకణాలు పేగులోకి ఎంత ఎక్కువ దిగితే అంత మంచిది" అని రాశారు. విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా టైఫిమ్యూరియం అనే బాక్టీరియా దగ్గర ఆ మాట చెల్లదు. పేగులోని మామూలు బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. అది విషం, అందుకే పేగు గోడ కణాలు దాన్ని థయోసల్ఫేట్‌గా మార్చేస్తాయి. ఇంతవరకు సాల్మొనెల్లాకు ఒరిగేదేమీ లేదు. వాపు వచ్చి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు సూక్ష్మజీవుల్ని చంపే ఆక్సిజన్ రాడికల్స్ కుమ్మరించాక ఆ థయోసల్ఫేటే టెట్రాథయోనేట్ అవుతుంది. సాల్మొనెల్లా ఆక్సిజన్ బదులు దాంతో ఊపిరి పీల్చుకుంటుంది. కిణ్వనం మీదే బతికే ఇరుగుపొరుగు బాక్టీరియాకు ఆ వీలు లేదు. 2010లో నేచర్‌లో వచ్చిన పని ఇదే. టెట్రాథయోనేట్ వాడుకోవడానికి కావలసిన టీటీఆర్‌ఏ జన్యువు తీసేసిన రకం వాపు ఉన్న పేగులో వెనకబడింది, వాపు లేనిచోట తేడా కనపడలేదు.

కణరక్ష:
ఆ బాక్టీరియా లెక్క ఎక్కడ తీశారు? మలంలో. ప్లీహంలో, కాలేయంలో ఎంత? రాడికల్స్ తయారుచేసే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ పుట్టుకతోనే పనిచేయనివాళ్లకు సాల్మొనెల్లా రక్తంలోకి పాకడం బాగా తెలిసిన ప్రమాదం. అదే ఎన్జైము లేని ఎలుకల ప్లీహంలో బాక్టీరియా అదుపు తప్పుతుంది. మీరు తప్పుపడుతున్న ఆయుధమే అక్కడ కాపాడుతోంది.

గుడ్లగూబ:
అన్నీ స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టించిన ఎలుకలేగా?

పెట్రిప్లేటు:
అవును, కారణం ఉంది. 20 మిల్లీగ్రాములు నోటి ద్వారా ఇచ్చి, 24 గంటలు ఆగి సాల్మొనెల్లా ఎక్కిస్తారు. అది ఇవ్వకపోతే సొంత బాక్టీరియా అడ్డుపడి పేగువాపే సరిగా రాదు, టైఫాయిడ్ లాంటి జబ్బు వస్తుంది. ఎక్కించే రకం ఆ మందును తట్టుకునేదై ఉండాలి.
ఇంకోటి. వాపులో మన కణాలు లిపోకాలిన్-2 అనే ప్రోటీన్ వదిలి, బాక్టీరియా ఇనుము పట్టడానికి వాడే ఎంటెరోబాక్టిన్‌ను కట్టిపడేస్తాయి. సాల్మొనెల్లా దానికి గ్లూకోజ్ తగిలించి సాల్మోకెలిన్ చేసుకుంటుంది, లిపోకాలిన్ దాన్ని పట్టలేదు. ఎంటెరోబాక్టిన్ ఒక్కదాన్నే నమ్ముకున్న ఈ.కోలై ఇనుము లేక మాడుతుంది. దెబ్బ పొరుగువాడికి, మేలు దొంగకి.

బెంచి_4:
ల్యాబ్‌లో సాల్మొనెల్లాను పెంచి పట్టే ద్రవం, టెట్రాథయోనేట్ బ్రాత్, చేసేవాళ్లకు ఇది చిరపరిచితం, 1923 నుంచీ ఉన్నదే. 6 గ్రాముల అయోడిన్, 5 గ్రాముల పొటాషియం అయోడైడ్ 20 మి.లీ. నీళ్లలో కరిగించి, థయోసల్ఫేట్ ఉన్న లీటరు బేస్‌లో పోస్తాం. బేస్ 45 డిగ్రీల కిందికి చల్లారాకే, అదీ వాడే రోజే. పోశాక మళ్లీ వేడిచేయకూడదు. అడుగున పేరుకునే తెల్లటి కాల్షియం కార్బొనేట్ ఆమ్లాన్ని అణచడానికి, కాబట్టి పంచే ముందు ప్రతిసారీ కలపండి. సీసాలో అయోడిన్ చేసే పనే పేగులో న్యూట్రోఫిల్ చేస్తోంది.

కణరక్ష:
మళ్లీ అడుగుతున్నా. ప్లీహం లెక్క?

పెట్రిప్లేటు:
ప్లీహం గురించి నేను ఒక్క మాటైనా అన్నానా? ప్రతి చర్చలోనూ అడగని ప్రశ్న నా మీద రుద్ది, జవాబు రాలేదంటారు.

కణరక్ష:
అనలేదు, అదే నా బాధ! "వాపు సాల్మొనెల్లాకు మేలు" అన్న ముక్క చదివి ఎవరైనా జ్వరం, నెత్తురు విరేచనాలతో ఉండి స్టెరాయిడో, విరేచనాలు ఆపే లోపెరమైడో వేసుకుంటే? మీకు బాక్టీరియా సంఖ్య ముఖ్యం, నాకు మంచం మీద ఉన్న మనిషి.

పెట్రిప్లేటు:
ఈ మాట మొదటే అనాల్సింది. వాపు అణచమని నేను చెప్పలేదు, చెప్పను కూడా. నా ప్రశ్న వేరు: ఈ బాక్టీరియా అసలు వాపును ఎందుకు రెచ్చగొడుతుంది? గోడలోకి చొచ్చుకెళ్లేవి కొన్నే, వాటిలో చాలావరకు చస్తాయి. వాటి చావు పుట్టించిన వాపులో పేగు నాళంలోని (గోడలోకి పోని) తోబుట్టువులు పెరిగి, మలంతో బయటపడి ఇంకో ఒంట్లోకి చేరతాయి. దానికి గెలుపంటే అది. రోగి కోలుకున్నా దాని పని అయిపోయినట్టే.

కణరక్ష:
అలాగైతే శీర్షికలో "నాళంలో" అని చేర్చండి.

పెట్రిప్లేటు:
చేర్చను. ప్లీహంలోకి వెళ్లినవాటికి బయటికి దారి ఎంత? అది చెప్పండి.

కణరక్ష:
టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫై అయితే పిత్తాశయం గుండా ఉంది. టైఫిమ్యూరియంకి కొలిచి చూడాలి. జన్యువు మార్చని మామూలు రకం, టీటీఆర్‌ఏ లేని రకం సమానంగా కలిపి ఎక్కించి, అదే ఎలుకలో మలం, పేగు గోడ, ప్లీహం మూడింటిలోని బాక్టీరియానూ ప్లేట్ల మీద పెంచి లెక్కపెట్టండి. ముందు ప్లీహం తీయండి, పేగు ముట్టిన కత్తెరతో తీస్తే లేని కాలనీలు పుట్టుకొస్తాయి. పేగు గోడను జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లో ఉంచి కడగండి. అది మన కణాల్లోకి పెద్దగా చొరబడదు, పైన అంటుకున్నవాటినే చంపుతుంది. ఆ మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టాకే శీర్షిక సంగతి.