అప్‌డేట్: పీహెచ్‌పీలో కీల వరుస కుదిరింది

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల మేత లెక్కలకి పీహెచ్‌పీ (వెబ్ పేజీలు చేసే ప్రోగ్రామింగ్ భాష)లో రాసిన పేజీలో ‘చెరువు-1’ తర్వాత ‘చెరువు-2’ రాకుండా ‘చెరువు-10’, ‘చెరువు-11’ వచ్చేస్తున్నాయని ఇంతకుముందు అడిగాను. ఈ చెరువు పేర్లే అరే (డేటా జాబితా)లో కీలు, అంటే ఒక్కో లెక్కని గుర్తించే పేర్లు. సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది కేసార్ట్ (ksort, కీలను బట్టి అరేని వరుసలో పెట్టే ఫంక్షన్)కి రెండో ఆర్గ్యుమెంట్‌గా, అంటే ఫంక్షన్‌కి అందించే రెండో విలువగా, సార్ట్_నేచురల్ (SORT_NATURAL) ఇమ్మన్న సలహా. అది లేకపోతే ఇలాంటి కీలను ఒక్కో అక్షరం చొప్పున పోలుస్తుంది. 2 కంటే 1 ముందు కాబట్టి 10 ముందుకొచ్చేస్తుంది. నేచురల్ పెడితే పక్కపక్కన ఉన్న అంకెలన్నీ కలిపి ఒకే సంఖ్యగా చూస్తుంది. ఇప్పుడు మేత వేసే కుర్రాళ్లకి గట్టు మీద నడిచే వరుసలోనే లిస్టు కనిపిస్తోంది, పద్దు తారుమారవుతుందన్న టెన్షన్ పోయింది. యూకేసార్ట్ (uksort, మనమిచ్చే పోలిక ఫంక్షన్‌తో కీలను వరుస పెట్టేది)తో స్ట్ర్‌నాట్‌సీఎంపీ (strnatcmp, ఇలాగే అంకెల్ని సంఖ్యలుగా పోల్చే ఫంక్షన్) వాడినా ఇదే వరుస వచ్చింది. ఒక్క మాటతో అయ్యే పనికి అంత అక్కర్లేదనిపించి వదిలేశాను.

డేటాబేస్ కొలేషన్‌కీ (డేటాబేస్ అక్షరాలను పోల్చి వరుస పెట్టే నియమాలకీ) దీనికీ సంబంధం లేదు, వరుస మారేది పీహెచ్‌పీలోనే.

ఇదే సమస్యతో వచ్చేవాళ్లు రెండు చూసుకోండి. కేసార్ట్ అసలు అరేనే మారుస్తుంది. అది తిరిగిచ్చే విలువను అదే వేరియబుల్‌లో పెడితే డేటా పోయి ‘ట్రూ’ ఒక్కటే మిగులుతుంది. కీలలో ౧౦, ౨ లాంటి తెలుగు అంకెలుంటే నేచురల్ వాటిని సంఖ్యలుగా గుర్తించదు.