మార్ఫియస్ కోరి చచ్చిపోయాడా, ఇరుక్కుని చచ్చిపోయాడా?

కాగితపు కాకి:
ముందే చెప్తున్నా, ఇందులో శాండ్‌మ్యాన్ ముగింపు మొత్తం ఉంది. చదవనివాళ్లు, సిరీస్ సగంలో ఆపినవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. 1989 నుంచి 1996 వరకు డీసీ కామిక్స్‌లో 75 సంచికలుగా వచ్చిన కథ ఇది. రాసింది నీల్ గైమన్. కలలకే ఒక మనిషి రూపం వస్తే అతనే ఇందులో హీరో. పేరు డ్రీమ్, మార్ఫియస్ అని కూడా అంటారు. దేవుడు కాదు, దేవుళ్లకంటే పాతవాడు. ఎండ్‌లెస్ అనే ఏడుగురు తోబుట్టువుల్లో మూడోవాడు. అక్క పేరు డెత్, అంటే మృత్యువు. మనం నిద్రలో వెళ్లే చోటంతా ఇతని రాజ్యం. 69వ సంచికలో చనిపోతాడు.

నా గొడవ ఆ చావు గురించే. నిన్న ఒక ఫ్రెండ్‌తో రెండు గంటలు వాదించాను. "అది ఆత్మహత్య, మొదట్నుంచీ అదే ప్లాన్" అంటాడు వాడు. నేను కాదంటాను. డ్రీమ్ కొడుకు ఓర్ఫియస్ తల ఒక్కటే మిగిలి, చావు రాక, వేల ఏళ్లుగా ఒక దీవిలో పడి ఉన్నాడు. నన్ను చంపెయ్ నాన్నా అని అడిగాడు, తండ్రి చంపాడు. సొంత రక్తాన్ని చిందించినవాణ్ని వెంటాడే హక్కు ఫ్యూరీలకు, అంటే గ్రీకు పురాణాల్లోని ప్రతీకార దేవతలకు, ఉంది. వాళ్లు వెంటపడ్డారు, చచ్చిపోయాడు. ఇందులో ప్లాన్ ఎక్కడుంది?

పాతపుస్తకాలోడు:
హక్కుంది, ఒప్పుకుంటాను. కానీ రాజ్యంలోనే కూర్చుని ఉంటే తట్టుకునేవాడు కదా. ఫ్యూరీలు తలుపు దగ్గర ఉన్నారని తెలిసి, సరిగ్గా ఆ టైంలో బయటికి ఎందుకు వెళ్లాడు? ఒకప్పుడు అతని కోటలో ఉన్న ఫెయిరీ అమ్మాయి నువాలా పిలిచిందని! ఆ పిల్ల తనని ప్రేమించమని అడగడానికి పిలిచింది. తీరా వెళ్లి ఏం చేశాడు? ప్రేమించలేనని చెప్పాడు. దీనికోసమా కోట వదిలి వెళ్లడం? ఇంటి తలుపులు బార్లా తీసిపెట్టి దొంగతనం జరిగిందని ఏడిస్తే ఎవరు నమ్ముతారు?

మీ ఫ్రెండ్ చెప్పింది నిజం. నా ఓటు ఆయనకే.

లైబ్రరీ బెంచీ:
పాతపుస్తకాలోడు గారూ, ఒక్క విషయం వదిలేశారు. నువాలాకి అతను వరం ఇచ్చాడు. ఎప్పుడు పిలిచినా వచ్చి ఒక కోరిక వింటానన్నాడు. ఇచ్చిన మాటకి ఎప్పుడు కట్టుబడాలో ఎంచుకునే వెసులుబాటు అతనికి లేదు. మాట, నియమం, బాధ్యత తీసేస్తే ఆ మనిషిలో మిగిలేది నల్ల కోటు ఒక్కటే.

ఉత్తరకాండ గుర్తు తెచ్చుకోండి. కాలపురుషుడితో మాట్లాడుతుండగా లోపలికి ఎవరు వచ్చినా మరణదండనే అని రాముడు మాట ఇచ్చాడు. దుర్వాసుడు బెదిరించడంతో లక్ష్మణుడే లోపలికి రావాల్సి వచ్చింది. రాముడు తమ్ముణ్ని వదులుకున్నాడు. దాన్ని ప్లాన్ అంటామా? ఒక మాట ఇంకో మాటను కట్టేసింది, మధ్యలో మనిషి నలిగిపోయాడు. మార్ఫియస్ సంగతీ అంతే.

అర్ధరాత్రి టీ:
ఆ తర్వాత రాముడు సరయూలోకి తనంతట తనే నడిచి వెళ్లాడు కదండీ. ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది :)

లైబ్రరీ బెంచీ:
దొరికిపోయాను. అయినా మాట వెనక్కి తీసుకోను.

మూడుకళ్ల చేప:
కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

నేను ఈ కథని తలకిందులుగా చదివాను. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తొమ్మిదో సంపుటం, అంటే ద కైండ్లీ వన్స్, ఒక్కటే దొరికింది. అట్ట చిరిగి ఉంది, చవగ్గా ఇచ్చాడు. (పేరు గురించి చిన్న ముక్క: కైండ్లీ వన్స్ అంటే దయగలవాళ్లు. భయంతో ఫ్యూరీలను అలా పిలుస్తారు. మన ఊళ్లలో రాత్రిపూట పామును పామనకుండా పురుగు అన్నట్టే.) అది చదివినప్పుడు నాకు పాతపుస్తకాలోడు గారికి అనిపించినట్టే అనిపించింది. వీడు కావాలనే చస్తున్నాడు అనుకున్నాను. ఆ తర్వాత ఏడో సంపుటం బ్రీఫ్ లైవ్స్ చదివితే మొత్తం మారిపోయింది.

అందులో డ్రీమ్, చెల్లెలు డెలీరియం కలిసి, ఇల్లొదిలి వెళ్లిపోయిన, విధ్వంసానికి రూపమైన అన్నదమ్ముడు డిస్ట్రక్షన్‌ని వెతుకుతారు. అతను దాదాపు మూడొందల ఏళ్ల క్రితమే "ఈ పని నాకొద్దు" అని రాజ్యం వదిలేసి వెళ్లిపోయాడు. ప్రపంచం ఆగిపోలేదు. విధ్వంసం దాని మానాన అది జరుగుతూనే ఉంది. అతను బొమ్మలు వేసుకుంటూ, వంట చేసుకుంటూ, ఒక మాట్లాడే కుక్కతో ఉంటున్నాడు. బొమ్మలు ఏమంత బాగోవు, వంటా అంతే. అయినా హాయిగా ఉన్నాడు.

అంటే డ్రీమ్‌కి మూడో దారి కళ్లెదుటే ఉంది. చావక్కర్లేదు, ఫ్యూరీలతో యుద్ధమూ అక్కర్లేదు, వదిలేసి వెళ్లిపోతే చాలు. అదొక్కటే అతని వల్ల కాలేదు. మారడం బొత్తిగా రాదని కాదు. డెబ్బై ఏళ్లకు పైగా గాజుగోళంలో బందీగా ఉండి వచ్చాక చాలా మారాడు. తనను కాదన్నందుకు ఒకప్పటి ప్రియురాలు నాడాని పదివేల ఏళ్లు నరకంలో ఉంచినవాడు, అక్క చీవాట్లు పెడితే తప్పు ఒప్పుకుని విడిపించడానికి వెళ్లాడు. కొడుకు కోరిక తీర్చాడు. కానీ రాజు కాకుండా ఉండేంతగా మాత్రం మారలేకపోయాడు. లైబ్రేరియన్ లూసియెన్ చివర్లో డ్రీమ్ కాకి మాథ్యూతో చెప్పేది కూడా ఇదే: మారాలి లేదా చావాలి, అతను మారగలిగినదానికి ఒక హద్దుంది.

కాబట్టి నాకు రాముడు కాదు, భీష్ముడు గుర్తొస్తాడు. స్వచ్ఛంద మరణం వరంగా ఉన్నవాడు. తనని ఎలా పడగొట్టాలో పాండవులకు తనే చెప్పాడు. శిఖండి ఎదురుగా వస్తే విల్లు దించాడు. ఆ ప్రతిజ్ఞ ఒక్కటి పక్కన పెట్టి ఉంటే కురుక్షేత్రమే ఉండేది కాదేమో. పెట్టలేకపోయాడు. దాన్ని ఆత్మహత్య అనాలంటే నాకు నోరు రాదు. హత్య అని కూడా అనలేను.

కాగితపు కాకి:
చేప గారూ, డిస్ట్రక్షన్ విషయం నేను ఇలా ఆలోచించలేదు. కానీ ఒక ముల్లు మిగిలే ఉంది. ఫ్యూరీలు నేరుగా అతని మీదికి రాలేదు. ముందు ద్వారపాలకుడు గ్రిఫిన్‌ని చంపారు. తర్వాత గిల్బర్ట్, మెర్విన్, ఏబెల్. వీళ్లంతా అతన్ని నమ్ముకుని బతుకుతున్నవాళ్లు. నిజంగా చావు కోరుకున్నవాడైతే మొదటి రోజే అక్కని పిలవొచ్చుగా? అంతమంది పోయేదాకా ఎందుకు ఆగాడు? కోరి చచ్చాడంటే ఇతను నా దృష్టిలో చాలా చిన్నవాడైపోతాడు. బహుశా అందుకే నేను ఒప్పుకోలేకపోతున్నానేమో.

పాతపుస్తకాలోడు:
చిన్నవాడే కదండీ! అతను మంచివాడని ఎవరన్నారు? గిల్బర్ట్ విషయం మాత్రం మీరు ఎత్తినందుకు సంతోషం. డ్రీమ్ పోయాక కొత్త డ్రీమ్ డేనియల్ వచ్చి, చచ్చిపోయినవాళ్లని ఒక్కొక్కరినీ తిరిగి లేపుతాడు. గిల్బర్ట్ ఒక్కడే వద్దంటాడు. నన్ను మళ్లీ బతికిస్తే నా చావుకి అర్థం ఉండదు అంటాడు. నాకు మొత్తం కథలో మార్ఫియస్ చావుకంటే అదే ఎక్కువ నచ్చింది. రాజుగారు మూడు వేల పేజీల్లో... సరే, అన్ని ఉండవేమో, అన్నేసి పేజీల్లో తేల్చుకోలేనిది ఒక పచ్చికబయలు ఒక్క పేజీలో తేల్చేసింది.

చివరి బస్:
నేను నెట్‌ఫ్లిక్స్‌లో మాత్రమే చూశాను, 2022లో మొదటి సీజన్, 2025లో రెండోది. పచ్చికబయలు ఏంటండీ?

పాతపుస్తకాలోడు:
గిల్బర్ట్ అసలు మనిషి కాదు, ఒక చోటు. ఫిడ్లర్స్ గ్రీన్ అని, నావికులు కలలు కనే స్వర్గం లాంటి పచ్చిక. మనిషి వేషం వేసుకుని తిరుగుతుంటాడు.

అర్ధరాత్రి టీ:
మీరంతా అసలు చావు జరిగిందనే అనుకుని వాదిస్తున్నారు. డ్రీమ్ చావలేదు, డ్రీమ్ ఉన్నాడు. పేరు డేనియల్, నల్లబట్టలకు బదులు తెల్లబట్టలు. చివరి సంపుటం ద వేక్‌లో ఎవరు చనిపోయారని ఏడుస్తున్నాం అనే ప్రశ్న వస్తే, ఏబెల్ నత్తినత్తిగా చెప్పే జవాబు: ఒక దృక్కోణం. అంతే.

మూడుకళ్ల చేప:
టీ గారూ, సంచికలు చేతిలో ఉంటే పాత్రల మాటలు రాసే బెలూన్లు చూడండి. అక్షరాలు రాసిన టాడ్ క్లైన్, మార్ఫియస్ మాటల్ని వంకరటింకర నల్ల బెలూన్లో తెల్ల అక్షరాలతో రాశాడు. మొదటి సంచిక నుంచి ఆ గొంతు అలాగే వినిపిస్తుంది మనకి, చీకట్లోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు. డేనియల్ నోరు తెరిచేసరికి అదే వంకర అంచు, లోపల మాత్రం తెలుపు. నాకు అక్కడ గుండె కలుక్కుమంది. దృక్కోణమే పోయి ఉండొచ్చు, కానీ ఆ గొంతు మళ్లీ వినపడదు. హాబ్ గాడ్లింగ్‌ని అడగండి. చావులేని మనిషి, 1389 నుంచి డ్రీమ్‌ని వందేళ్లకోసారి కలిసిన స్నేహితుడు అతను. వాడి స్నేహితుడు పోయాడు, దృక్కోణం కాదు.

అర్ధరాత్రి టీ:
హాబ్‌ని లాగితే నేనేం మాట్లాడను, ఓడిపోయాను.

కాగితపు కాకి:
రాత్రి 69వ సంచిక తీసి మళ్లీ చదివాను. రాళ్ల మీద అక్కా తమ్ముడూ కూర్చుని ఉంటారు. చుట్టూ రాజ్యం కూలిపోతుంటుంది. కాకి మాథ్యూని ముందే పంపించేస్తాడు, చూడకూడదని. డిస్ట్రక్షన్‌లా నువ్వూ వెళ్లిపోయి ఉండొచ్చు కదా అని డెత్ అడుగుతుంది. లేదు, నా వల్ల కాదంటాడు. చేయాల్సిన ఏర్పాట్లన్నీ చేశానంటాడు. అప్పుడు ఆమె అంటుంది, నువ్వు ఎప్పట్నుంచో చేస్తూనే ఉన్నావు, చేస్తున్నట్టు నీకే తెలియనివ్వలేదు అని. అతను ఆ మాట కొట్టిపారేయడు. తర్వాత చెయ్యి అందిస్తాడు. పేజీలో వెలుగు, అంతే.

పొద్దున్నే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఇది చదివి వినిపించాను. "చూశావా, ఆత్మహత్యే కదా" అన్నాడు. "తనకే తెలియకుండా చేసుకునేదాన్ని ఆత్మహత్య అని ఎలా అంటావురా" అన్నాను. మళ్లీ రెండు గంటలు. ఆఫీసుకి లేటయింది.